హార్స్‌షూ పీత రక్తం నీలంగా ఎందుకుంటుంది?

గోదావరిఖని బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన గ్లాసాప్టెరిస్ వంటి చెట్లది. అవి మొలవకముందే, దాదాపు 44 కోట్ల ఏళ్ల కిందటే, సముద్రంలో హార్స్‌షూ పీతల పూర్వీకులున్నాయి! పేరుకే పీత, సాలీడుకు, తేలుకు దగ్గరి చుట్టం.

మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుమున్న హీమోగ్లోబిన్. దీని రక్తంలో ఆ పని రాగి ఉన్న హీమోసయనిన్‌ది. అందుకే నీలం. అసలు అద్భుతం వేరే ఉంది. కొన్ని బాక్టీరియాల విషం రవ్వంత తగిలినా ఆ రక్తం గడ్డకట్టి దాన్ని బంధించేస్తుంది. టీకాలు, సెలైన్ సురక్షితమో కాదో ఆ రక్తకణాల సారంతో దశాబ్దాలుగా పరీక్షిస్తున్నారు.

మన దేశంలో రెండు జాతులున్నాయి, ముఖ్యంగా ఒడిశా, బెంగాల్ తీరాల్లో. ఒడ్డున వెల్లకిలా పడ్డది కనిపిస్తే తోక పట్టి లాగకండి. డిప్ప అంచు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి.