ఇంటిపేరు లేని అంచులు

డిజైన్ పనిలో చేరిన తొలి ఏడాది సంగతి. ఒక పంపు బాడీ, దాని మీద మూత, రెంటి మధ్య కారకుండా ఆపే గాస్కెట్. కంప్యూటర్లో గాస్కెట్‌ను విడిగా గీయలేదు. బాడీ అంచులకే లంకె వేశాను. బాడీ పెరిగితే గాస్కెట్ దానంతటదే పెరగాలని. ఆ సాయంత్రం బాడీకి ఒక మూల 3 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వేశాను, అంటే పదునైన అంచును గుండ్రం చేశాను. పార్టుల జాబితా చూపే ట్రీలో గాస్కెట్ లోపం ఉందని ఎర్రబడింది. దాని వెంట మూత, మూత వెంట బోల్టులు. కంగారుపడి కింది నుంచి ఒక్కొక్కటే బాగుచేస్తూ కూచున్నాను. ఒకటి చేస్తే ఇంకోటి పోయేది. రాత్రి ఇంటికి బయల్దేరుతూ పక్క సీటు సీనియర్ ఒకాయన తొంగి చూసి, "ఏడ్చేవాళ్లని ఓదారుస్తూ కూచున్నావేంటయ్యా, పోయిందెవరో ముందు చూడు" అన్నాడు.

పోయింది ఒకే ఒక నిలువు అంచు. గాస్కెట్ రంధ్రాల కొలతలన్నీ దాన్నుంచే తీసుకున్నాను. గుండ్రం చేసిందీ దాన్నే.

ఇలా లంకె వేసే ఆలోచన పుట్టింది 1963లో. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థి ఇవాన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం లింకన్ ల్యాబొరేటరీలోని టీఎక్స్-2 కంప్యూటర్ మీద స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. లైట్ పెన్‌తో తెర మీద గీతలు వంకరగా గీసినా ఫరవాలేదు; ఇవి లంబంగా ఉండాలి, ఇవి సమానంగా ఉండాలి అని చెబితే అదే సర్దుకునేది. ఒక అసలు బొమ్మ గీసి దానికి ఎన్ని నకళ్లయినా పెట్టుకోవచ్చు. అసలుదాన్ని మారిస్తే నకళ్లన్నీ మారేవి. ఒక బొమ్మ ఇంకో బొమ్మ మాట వినడం అక్కడ మొదలైంది.

తర్వాత 1970లలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ బ్రెయిడ్, ఆయన సహచరులు ఘనాకారాన్ని ముఖాలు, అంచులు, మూలల కూర్పుగా కంప్యూటర్‌కు చెప్పే పద్ధతిని గట్టిపరిచారు. సోవియట్ యూనియన్ నుంచి అమెరికా వలస వెళ్లిన గణితవేత్త శామ్యూల్ గీస్‌బర్గ్ 1985లో పారామెట్రిక్ టెక్నాలజీ అనే కంపెనీ పెట్టాడు. ఆ దశకం చివర వచ్చిన ఆ కంపెనీ ప్రోగ్రామ్ ప్రో-ఇంజనీర్ ఒక కొత్త అలవాటు నేర్పింది. అది బొమ్మతో పాటు వండిన విధానాన్నీ దాచుకుంటుంది: ముందు దిమ్మ, తర్వాత రంధ్రం, ఆ తర్వాత గుండ్రం. ఒక్క కొలత మార్చినా అక్కడి నుంచి కింది మెట్లన్నీ మళ్లీ వండుతుంది. ఇవాళ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పిల్లలు నేర్చుకునే సాలిడ్‌వర్క్స్, కాటియా, క్రియో, ఎన్‌ఎక్స్ అన్నీ ఈ దారివే.

చిక్కంతా ఈ మళ్లీ వండటంలోనే ఉంది. వండిన ప్రతిసారీ ముఖాలూ అంచులూ కొత్తగా పుడతాయి. ఒక పెట్టెకు 6 ముఖాలు, 12 అంచులు. ఒక్క అంచు గుండ్రం చేయండి: 7 ముఖాలు, 15 అంచులు అవుతాయి. పాత అంచు మాయమై దాని చోట నాలుగు కొత్తవి పుట్టాయి. వాటిని వరసగా లెక్కపెట్టుకుంటూ పోతే, నిన్నటి ఏడో అంచు ఇవాళ ఏడోదే అవుతుందా? సందులో ఎడమ చేతి మూడో ఇల్లు అని శుభలేఖ మీద రాసి పంపితే, ఈలోగా మధ్యలో ఇంకో ఇల్లు లేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఇల్లు దొరక్క శుభలేఖ వెనక్కి వస్తే మేలు, కనీసం మనకు తెలుస్తుంది. పక్కింటివాళ్లు పుచ్చుకుంటేనే ప్రమాదం. లంకె తెగి ఎర్రబడ్డ పార్టు కన్నా, వేరే అంచును పట్టుకుని ఏ గుర్తూ లేకుండా నవ్వుతూ కూచున్న పార్టుకే నేను ఎక్కువ భయపడతాను. అది వర్క్‌షాపులో లోహం కోశాక గానీ బయటపడదు.

మనం ఈ బాధ ఎప్పుడో దాటాం. ఒకే పేరున్నవాళ్లు ఊళ్లో నలుగురుంటే ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి చెబుతాం. 1995లో జిరి క్రిపాక్ అనే పరిశోధకుడు ప్రచురించిన పరిష్కారం దాదాపు ఇదే: అంచుకు వరస సంఖ్య ఇవ్వకుండా, ఏ మెట్టులో పుట్టింది, ఏ ముఖాల మధ్య ఉంది అన్న వంశవృక్షాన్ని బట్టి గుర్తుపట్టాలి. వంశం పూర్తిగా అంతరిస్తే మాత్రం ఏ ఇంటిపేరూ కాపాడదు. నా నిలువు అంచుకు జరిగింది అదే.

కాబట్టి ట్రీ ఎర్రబడ్డప్పుడు పై నుంచి చూసుకుంటూ రండి. మొదటి ఎర్ర గుర్తు దగ్గర ఆగండి; దాని కిందివి చాలావరకు దాని బాధితులే. అక్కడికి చరిత్రను వెనక్కి జరిపి, పోయిన ముఖం చోట సరైన ముఖాన్ని మళ్లీ చూపిస్తే కిందివి చాలావరకు వాటంతటవే కుదుటపడతాయి. అసలు తెగిందా లేక మూలం తెరవలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. సాలిడ్‌వర్క్స్‌లో పేరు పక్కన బాణం, ప్రశ్నార్థకం కనబడితే చాలాసార్లు లంకె పుట్టిన అసెంబ్లీ తెరిచి లేదని, తెరిస్తే సరి. నక్షత్రం ఉంటే ఎవరో తాళం వేశారు. ఇంటూ గుర్తుంటే ఎవరో కావాలనే తెంచారు. ఎవరూ ఏమీ చేయకపోయినా తెగిందంటే, ఫోల్డర్లో ఫైలు పేరు మార్చిన పుణ్యాత్ముణ్ని వెతకండి. బాడీ మూతను చూసి, మూత మళ్లీ బాడీని చూసే చక్రమైతే ఏ మరమ్మతూ నిలవదు, ఒక లంకె తీసేయాల్సిందే.

ఈ లంకె రెండు ఊళ్ల మధ్య తెగితే నష్టం ఇంకా పెద్దది. ఎయిర్‌బస్ ఎ380 విమానంలో తీగల పొడవు సుమారు 530 కిలోమీటర్లు. హాంబర్గ్ ఇంజనీర్లు కాటియా పాత తరం వాడారు, టూలూజ్ వాళ్లు కొత్త తరం. ఒకచోటి మార్పు రెండోచోటికి సరిగా అందలేదు. బిగించబోతే తీగలు పొట్టివయ్యాయి. 2006లో ఆలస్యం బయటపడి పెద్ద పదవులు పోయాయి. తొలి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో గానీ చేరలేదు.

నా మటుకు నేను ఆ రాత్రి నుంచి అంచులను నమ్మడం మానేశాను. కొలతలన్నీ డేటమ్ తలాల నుంచి, అంటే కొలతల కోసమే పెట్టుకున్న ఊహా తలాల నుంచి తీస్తాను, ఎందుకంటే వాటిని ఏ ఫిల్లెట్టూ తినలేదు. ఫిల్లెట్లు చిట్టచివర వేస్తాను. పార్టులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కట్టకుండా, అన్నీ ముఖ్యమైన తలాలు, కొలతలు మాత్రమే ఉండే ఒకే స్కెలిటన్ పార్టును చూసేలా పెడతాను. పని నిదానమవుతుందని కుర్రాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

2002లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌ను అంచులను గుర్తుపట్టలేని ఈ పేర్ల జబ్బు ఇరవై ఏళ్లకు పైగా పట్టి పీడించింది. రియల్‌థండర్ అనే మారుపేరుతో రాసే ప్రోగ్రామర్ విడిగా చేసిన పనిని ఆధారంగా తీసుకుని, 2024 నవంబరులో వచ్చిన 1.0 కూర్పులో దాన్ని చాలావరకు తగ్గించారు. పూర్తిగా పోయిందని వాళ్లూ అనరు. డబ్బు కట్టక్కర్లేదు, దించుకోండి. ఒక పెట్టె, దానికి మూత, మధ్యలో గాస్కెట్ గీసి, పెట్టెకో మూల గుండ్రం చేసి చూడండి.