మీకు తెలుసా? గురువుగా ముందు, ఆటగాడిగా తర్వాత

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సాయంత్రం ఏ గ్రౌండ్‌కి వెళ్లినా క్రికెట్టో వాలీబాలో కనిపిస్తుంది. కబడ్డీ సంగతి సరేసరి. ఫుట్‌బాల్ తన్నే పిల్లలు అరుదు. కానీ ఒకప్పుడు దేశమంతా చెప్పుకున్న హైదరాబాద్ జట్టు లెక్కప్రకారం మనదే. నల్లగొండ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం కదా, కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితేనే ఆంధ్ర మొదలయ్యేది. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రమే రద్దయినా, దాని పేరు మీద ఆడిన జట్టు 1957-58 సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. అంతకుముందు ఏడాది టైటిల్ కూడా దానిదే. రాష్ట్రం పోయింది, జట్టు మాత్రం పోలేదు.

ఆ జట్ల వెనకున్న మనిషి రహీం సాబ్, అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. ఆయన చేతిలో పడ్డ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పును బొంబాయి నుంచి ఎగరేసుకొచ్చింది. కుడికాలు వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలని ఒక పోటీ, బంతిని డ్రిబుల్ చేయడానికి వీల్లేదని ఇంకో పోటీ పెట్టేవారాయన. వాటం లేని కాలు సాధనకొచ్చేది, పాస్ ఇవ్వక తప్పేది కాదు. ఖరీదైన సామగ్రి ఏమీ అక్కర్లేని పద్ధతి. మన స్కూలు పీఈటీ సార్లు రేపే మొదలుపెట్టొచ్చు. 1951లోను, 1962లోను ఆసియా క్రీడల బంగారం ఆయన కోచింగ్‌లోనే వచ్చింది.

ఇంతకీ ఈ వారం కథ రహీం సాబ్‌ది కాదు. ఆయన వెళ్లిపోయాక పేరు తెచ్చుకున్న మరో హైదరాబాదీది. 1944లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ స్టాపర్, అంటే రక్షణ వరస మధ్యలో నిలబడి ఎదుటి ఫార్వర్డ్‌ను ఆపేవాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత కెప్టెన్. కాంస్యం కోసం ఆడింది జపాన్‌తో. ఆ జపాన్ సామాన్యమైనది కాదు, రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. దాన్ని మనవాళ్లు 1-0తో ఓడించారు. ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మళ్లీ పతకం రాలేదు.

నయీముద్దీన్ ఆట మానేశాక కోచ్ అయ్యారు. ఈస్ట్ బెంగాల్ 1990లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే ఏడాది గెలిచినప్పుడు కోచ్ ఆయనే. కలకత్తాలో ఈ మూడింటినీ కలిపి త్రిముకుటం అని గొప్పగా చెప్పుకుంటారు. క్రమశిక్షణ దగ్గర మొహమాటం ఎరగని మనిషని ఆటగాళ్లలో పేరు. అదే 1990లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది, ఫుట్‌బాల్‌లో అది అందుకున్న మొదటి కోచ్ ఆయన. మరి ఆటగాడికిచ్చే అర్జున? 1997లో! దేశానికి కెప్టెన్సీ చేసి పతకం తెచ్చిన మనిషిని ఆటగాడిగా గుర్తించడానికి ప్రభుత్వానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. గురువుగా గుర్తించడానికి అంత ఆలస్యం కాలేదు, అదొక్కటే ఊరట.

నయీముద్దీన్ భారత జట్టుకూ కోచ్‌గా పనిచేశారు. ఇలా కెప్టెన్‌గా నడిపిన దేశానికే కోచ్‌గా వచ్చినవాళ్లు ఆఫ్రికాలోనూ ఉన్నారు. నైజీరియా స్టీఫెన్ కేషీ కూడా డిఫెండరే. 1994లో కెప్టెన్‌గా, 2013లో కోచ్‌గా ఆఫ్రికా కప్పును గెలిచాడు. ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా ఆ కప్పు అందుకున్నవారిలో మొదటివాడు ఈజిప్టు మహమూద్ ఎల్ గొహారీ (1959, 1998), రెండోవాడు కేషీ. 2013లో గెలిచిన మర్నాడే ఫెడరేషన్ మీద కినుకతో రేడియోలో రాజీనామా ప్రకటించి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అంతకుముందు చిన్న దేశం టోగోను మొదటిసారి ప్రపంచ కప్‌కు చేర్చినా, తీరా 2006 పోటీలు మొదలయ్యేసరికి ఆ కుర్చీలో వేరొకర్ని కూర్చోబెట్టారు. కోచ్ ఉద్యోగం ఎక్కడైనా అంతే!

నైజీరియాతో మనకూ ఓ చుట్టరికముంది. 2002 ప్రపంచ కప్‌లో ఆ దేశానికి ఆడిన బార్తలోమ్యూ ఓగ్బెచే హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ వేసుకుని 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో 18 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచింది మన జట్టే.

నయీముద్దీన్ అవార్డులతో ఆగలేదు. 2005లో కరాచీలో భారత్ దక్షిణాసియా దేశాల శాఫ్ టైటిల్ గెలిచినప్పుడు కూడా కోచ్ ఆయనే, అరవై దాటిన వయసులో. అటు ఢాకా వెళ్లి బ్రదర్స్ యూనియన్ క్లబ్ కుర్రాళ్ల చేత కూడా కసరత్తులు చేయించారు.