మొవ్వు ఒక్కటే ప్రాణం: పెరటి తాటిజాతి చెట్ల పెంపకం వెనక ఉన్న శాస్త్రం

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు వెళ్ళే లోకల్ రైలుకు మొదటి స్టేషన్ టికియాపారా. తెలుగు ప్రాంతాల నుంచి హౌరా చేరే రైళ్ళు కూడా ఈ స్టేషన్ మీదుగానే వెళ్తాయి. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, హుగ్లీ నది పడమటి ఒడ్డున శిబ్‌పూర్‌లో ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారత వృక్షశాస్త్ర ఉద్యానవనం ఉంది. 1787లో మొదలైన ఈ తోటలోని రెండు చెట్ల కథ తెలిస్తే, పెరట్లో కొబ్బరి గానీ, కుండీలో అలంకార పామ్ గానీ పెంచేవారికి సగం పాఠం తెలిసినట్టే.

మొదటిది అక్కడి మహా మర్రి. 1864, 1867 తుఫానుల్లో దెబ్బతిన్న దీని ప్రధాన కాండానికి తర్వాత శిలీంధ్రం పట్టింది. 1925లో ఆ కాండాన్ని పూర్తిగా తీసేశారు. అయినా చెట్టు చావలేదు. మూడు వేలకు పైగా ఊడల మీద నిలబడి నేటికీ విస్తరిస్తోంది.

రెండోది సీషెల్స్ దీవులకు చెందిన జంట కొబ్బరి. వృక్షప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద విత్తనం దీనిదే. 1894లో ఇక్కడ నాటిన ఈ చెట్టు ఆడది. జతకు మగ చెట్టు లేకపోవడంతో శాస్త్రవేత్తలు శ్రీలంక నుంచి, ఆ తర్వాత థాయ్‌లాండ్ నుంచి పుప్పొడి తెప్పించి, కృత్రిమంగా పరాగసంపర్కం చేసి కాయలు కాయించారు. శతాబ్దం దాటి బతికిన ఆ చెట్టు 2020 నాటికి శిలీంధ్ర వ్యాధితో బాగా క్షీణించింది.

రెండు చెట్లకూ శిలీంధ్రమే శత్రువు. మర్రి తన ప్రధాన కాండాన్నే వదులుకుని బతికింది. తాటి కుటుంబపు చెట్టుకు అలాంటి అవకాశం ఉండదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే ఎరువు ఎలా వేయాలి, మట్ట ఎప్పుడు కొట్టాలి, పురుగు ఎక్కడి నుంచి దూరుతుంది అనే ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది.

లావెక్కని కాండం, మానని గాయం

మామిడి, వేప, మర్రి వంటి ద్విదళబీజ వృక్షాల్లో బెరడు కింద కాంబియం అనే పలుచని విభాజ్య కణజాలం ఉంటుంది. ఏటా కొత్త కణాలను తయారుచేసి కాండాన్ని లావు చేసేది అదే. గాయమైతే చుట్టూ కొత్త కణజాలం పేర్చి మూసేసేదీ అదే. కొమ్మ నరికినా బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు మేల్కొని మళ్ళీ చిగురిస్తాయి.

తాటి, కొబ్బరి, ఈత, పోక, జీలుగు మొదలైనవి ఏకదళబీజ మొక్కలు. దాదాపు 2,600 జాతులున్న ఈ కుటుంబంలో కాంబియం ఉండదు. నీటిని, ఆహారాన్ని మోసే నాళాలు కట్టలు కట్టలుగా కాండమంతా చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకే తాటిదూలాన్ని అడ్డంగా కోస్తే చెక్కలో కనిపించే వలయాలు కనిపించవు, ముదురు రంగు చుక్కలే కనిపిస్తాయి. ఈ నాళాలు కాండం అంచు వైపు దట్టంగా, మధ్యలో పలుచగా ఉంటాయి. తాటిదూలం పైకి గట్టిగా, లోపల మెత్తగా ఉండటానికి కారణం ఇదే. భౌతికశాస్త్రం ప్రకారం వంపును తట్టుకోవడంలో స్తంభపు అంచున ఉన్న పదార్థానిదే పెద్ద పాత్ర. గట్టి పదార్థమంతా అంచున ఉంటుంది కనుక గాలికి వంగి, విరగకుండా తిరిగి లేవగల బలం ఈ చెట్లకు వచ్చింది.

ఈ నిర్మాణానికి మూల్యం కూడా ఉంది. కాండానికి మేకు కొట్టినా, ఎక్కడానికి గాట్లు పెట్టినా ఆ గాయం చెట్టు బతికినంత కాలం అలాగే ఉంటుంది. చెట్టు మొత్తానికి ఆకులు, పూలు పుట్టే చోటు కూడా ఒక్కటే. అది తల భాగంలో, లేత మట్టల మధ్య దాగిన మొవ్వు. రైతులు మొవ్వు అని పిలిచేదాన్నే శాస్త్రం అగ్ర విభాజ్య కణజాలం అంటుంది. ఒంటి కాండంతో పెరిగే చెట్టు మొవ్వు పోతే ఉన్న ఆకులు కొన్ని నెలలు పచ్చగా కనిపించవచ్చు గానీ, ఆ చెట్టుకు ఇక కొత్త ఆకు రాదు.

అన్ని పామ్‌లదీ ఇదే స్థితి కాదు. మడగాస్కర్‌కు చెందిన ఎరికా పామ్, అంటే నర్సరీల్లో గుబురుగా దొరికే పసుపు కాడల రకం, మొదట్లో పిలకలు వేస్తుంది. దానికి ఒక్కో పిలకలో ఒక్కో మొవ్వు ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా గుబురు నిలుస్తుంది. ఖర్జూరం కూడా పిలకలు వేస్తుంది. కొబ్బరి, తాటి, రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్, బాటిల్ పామ్ మాత్రం ఒంటరి కాండాలే. కొనేముందే ఈ తేడా చూసుకోవడం మంచిది.

తేగ చెప్పే పాఠం

తాటిపళ్ళు తిన్నాక టెంకలను మట్టిలో పాతర వేసి, కొన్నాళ్ళకు తేగలు తవ్వుకోవడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. ఆ టెంక పగలగొడితే దొరికే తియ్యని బుర్రగుంజు నిజానికి బీజదళంలో ఒక భాగం. విత్తనంలోని ఆహారాన్ని కరిగించి మొలకకు పంపడం దాని పని. మొలక పైకి రాకుండా ముందు కిందికి దిగుతుంది. కాబోయే మొవ్వును తనతోపాటు నేల లోతుకు తీసుకుపోతుంది. పశువులు మేసినా, మంట వచ్చినా మొవ్వు భద్రంగా ఉండే ఏర్పాటిది.

ఇందులో పెంపకందారు గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, తాటి టెంకను కుండీలో మొలిపించి తర్వాత మార్చడం కంటే పెరగాల్సిన చోటే నాటడం మేలు. లోతుకు దిగిన మొలకను తవ్వి తీస్తే దెబ్బతింటుంది. రెండోది ఓపిక. కాంబియం లేని కాండం తర్వాత లావెక్కదు కాబట్టి, పైకి లేవడానికి ముందే చెట్టు తన పూర్తి మందాన్ని భూమట్టంలో కట్టుకోవాలి. ఆ కాలమంతా ఆకులు పెద్దవవుతుంటాయి తప్ప ఎత్తు పెరగదు. తాటికి ఇందుకు చాలా ఏళ్ళు పడుతుంది. ‘మొక్క ఎదగడం లేదు’ అని పీకేసేది చాలాసార్లు ఈ దశలోనే.

ఈ దశలో నీరు, పోషకాలు తగ్గితే దాని గుర్తు కాండం మీద ఉండిపోతుంది. కొబ్బరి కాండం ఒకచోట సన్నబడి మళ్ళీ లావైతే, ఆ సన్నని భాగం ఏర్పడిన ఏళ్ళలో చెట్టు కష్టపడిందని అర్థం. ఎంత ఎరువు వేసినా ఆ నడుము తర్వాత పూడదు. కొబ్బరి మొక్క కొనేటప్పుడు ఏడాది వయసులో కనీసం ఆరు ఆకులు, మొదలు దగ్గర 10 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్నది ఎంచుకోమని చెప్పేది ఇందుకే.

నాటేటప్పుడు కాండం, వేరు కలిసే మెడ భాగం మట్టిలో కూరుకుపోకూడదు. వాన నీటితో గుంతలోకి జారిన మట్టి మొవ్వులో చేరకుండా చూడాలి. కొబ్బరికి చెట్టుకు చెట్టుకు మధ్య సుమారు 8 మీటర్ల దూరం కావాలి. ఇరుకైన పేటల్లో, కరెంటు తీగల పక్కన ఒంటి కాండపు ఎత్తయిన రకాలు నాటకపోవడమే మంచిది. తీగకు తగులుతోందని తల నరికితే చెట్టు చచ్చినట్టే. రాయల్ పామ్ మట్ట బరువైనది, పైనుంచి ఊడి పడితే కింద ఉన్నవారికి ప్రమాదం. మేడ మీదికి, చిన్న వాకిలికి ఎరికా పామ్ వంటి గుబురు రకాలే తగినవి. కుండీ అడుగున నీరు నిలవకుండా రంధ్రాలు ఉండాలి.

పసుపు ఆకు చెట్టు జమాఖాతా

ముదురు ఆకుల మీద పసుపు, నారింజ చుక్కలు వచ్చి కొనలు ఎండుతుంటే అది సాధారణంగా పొటాషియం లోపం. ఆకు అంచులు పసుపై మధ్య భాగం పచ్చగానే ఉంటే మెగ్నీషియం తగ్గిందని అనుమానించాలి. ఈ రెండూ మొక్క లోపల కదలగల మూలకాలు. కొరత వచ్చినప్పుడు చెట్టు పాత ఆకుల్లోంచి వాటిని తీసి కొత్త ఆకులకు పంపుతుంది. అందుకే లక్షణాలు ముందు పాత ఆకుల్లో కనిపిస్తాయి.

అందంగా లేదని పసుపు ఆకులను కోసేస్తే చెట్టు వాడుకుంటున్న నిల్వను లాగేసినట్టవుతుంది. అప్పుడు లోపం పై వరుస ఆకులకు పాకుతుంది. ఆకు పూర్తిగా గోధుమరంగులోకి మారి ఎండాకే తీయాలి. కదలని మూలకాల లోపాలు మాత్రం కొత్త ఆకుల్లోనే బయటపడతాయి. లేత ఆకులు ముడతలు పడి, కొనలు కొక్కెంలా వంగితే బోరాన్ లోపం కావచ్చు.

కాపుకొచ్చిన కొబ్బరి చెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ అందేలా ఎరువులు వేయాలన్నది వ్యవసాయ పరిశోధన సంస్థల సాధారణ సిఫారసు. పొటాష్ నత్రజనికి రెండింతలు దాటిందని గమనించాలి. పచ్చదనం కోసం యూరియా ఒక్కటే కుమ్మరిస్తే పొటాషియం కొరత మరింత ముదురుతుంది. ఎరువును కాండానికి ఆనించకుండా, 1.8 మీటర్ల వ్యాసార్ధంలో పళ్ళెం చేసి, రెండు దఫాలుగా వేసి తడి ఇవ్వాలి.

మొవ్వు మీద దాడి

ఈ చెట్లకు వచ్చే పెద్ద ఆపదలన్నీ చివరికి మొవ్వు చుట్టూనే తిరుగుతాయి. కొమ్ము పురుగు విచ్చుకోని లేత ఆకును తొలిచి తింటుంది. ఆ ఆకు విప్పారినప్పుడు కత్తెరతో త్రికోణాకారంగా కత్తిరించినట్టు కనిపిస్తుంది. ఈ పురుగు పెంటకుప్పల్లో, కుళ్ళిన దుంగల్లో పెరుగుతుంది కాబట్టి ఇంటి చుట్టూ వాటిని ఉంచుకోకూడదు. మొవ్వు చుట్టూ ఉన్న పై మట్టల మొదళ్ళలో వేపపిండి, ఇసుక సమపాళ్ళలో కలిపి పోయడం తేలికైన నివారణ.

ఎర్రముక్కు పురుగు మరింత ప్రమాదకారి. అది గాయం వాసన పట్టి వస్తుంది. కొమ్ము పురుగు చేసిన రంధ్రమైనా, కత్తితో నరికిన పచ్చి మట్ట మొదలైనా దానికి ద్వారమే. పిల్లపురుగులు కాండం లోపలి మెత్తని భాగాన్ని తింటూ పోతాయి. రంధ్రాల నుంచి గోధుమరంగు జిగురు కారడం, చెవి ఆనిస్తే నమిలే చప్పుడు వినిపించడం దీని గుర్తులు. తల వాలిపోయాక గుర్తిస్తే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. పచ్చి మట్టను కొట్టక తప్పనప్పుడు కాండానికి 120 సెంటీమీటర్లు వదిలి కోయమనడానికి కారణం ఇదే. పురుగు ఆ మొదలులో దూరినా కాండం చేరడం కష్టమవుతుంది.

మూడో శత్రువు మొవ్వుకుళ్ళు తెగులు. దీని చరిత్రకు గోదావరి డెల్టాతో సంబంధం ఉంది. 1900ల తొలి ఏళ్ళలో అక్కడ తాటిచెట్లు, కొబ్బరిచెట్లు తలలు కుళ్ళి చనిపోతుంటే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వ శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ పరిశోధించారు. కారకమైన సూక్ష్మజీవికి ఆయన 1907లో పెట్టిన పేరులోని ‘పామివోరా’ అన్న మాటకు పామ్‌ను తినేది అని అర్థం. నేడు దాన్ని ఫైటోఫ్తోరా పామివోరా అంటారు. వానాకాలపు తేమలో ఇది చెలరేగుతుంది. మొదట నడిమి లేత ఆకు వాడి, లాగితే ఊడి వస్తుంది, దుర్వాసన కొడుతుంది. చుట్టూ ఉన్న ఆకులు అప్పటికింకా పచ్చగానే ఉంటాయి. కుళ్ళు మొవ్వు లోపలికి చేరకముందే పాడైన భాగాన్ని శుభ్రంగా తీసేసి 10 శాతం బోర్డో పేస్టు పూస్తే చెట్టు దక్కే అవకాశం ఉంది. వానలకు ముందే మొవ్వు తడిసేలా 1 శాతం బోర్డో మిశ్రమం చల్లడం ముందుజాగ్రత్త.

తుఫాను వస్తోందంటే మట్టలన్నీ కొట్టి నడిమి నాలుగు ఆకులు మిగిల్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. చుట్టూ ఉన్న మట్టల మొదళ్ళే మొవ్వుకు కవచం. వాటిని తీసేస్తే లేత భాగం నేరుగా గాలి దెబ్బకు గురవుతుంది. పచ్చి గాయాలు ఎర్రముక్కు పురుగును పిలుస్తాయి. ఎండిన మట్టలు, పైనుంచి పడే కాయలు తీస్తే చాలు.

చావు అన్నిసార్లూ తప్పిదం కాదు

జీలుగు చెట్టు కొన్నేళ్ళు పెరిగాక తల నుంచి కిందికి వరుసగా గెలలు వేసి, చివరి గెల పండాక చనిపోతుంది. తాళపత్ర గ్రంథాలకు ఆకులిచ్చిన శ్రీతాళం దశాబ్దాల పాటు కూడబెట్టిన ఆహారాన్నంతా ఒకేసారి తలపై పూలగుత్తిగా ఖర్చు చేసి ఎండిపోతుంది. శ్రీతాళంలో మొవ్వే పూలగుత్తిగా మారిపోవడంతో ఆ తర్వాత కొత్త ఆకు పుట్టే చోటే మిగలదు. ఇలాంటి చెట్టు ఎండితే మందు కొట్టి ప్రయోజనం లేదు. గింజలు ఏరుకుని మళ్ళీ నాటడమే మిగిలిన పని.

ఈ చెట్లతో తెలుగు నేలకూ హౌరా తోటకూ పాత బంధమే ఉంది. సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఈ తోట బాధ్యతలు చేపట్టారు. మన ఈతచెట్టు శాస్త్రీయ నామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ వెనక నేటికీ ఆయన పేరు రాస్తారు.

పెరటి తోటమాలి ఆ పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నెలకోసారి తలెత్తి నడిమి ఆకు చూస్తే చాలు. అది నిటారుగా, పచ్చగా, కొరుకుడు లేకుండా ఉంటే చెట్టు క్షేమం. కింది ఆకులు ఎలా ఉన్నా సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. నడిమి ఆకు వాడితే మాత్రం ఆ రోజే చెట్టు ఎక్కేవారిని పిలవాలి.