ఆంగ్లభాషా ప్రావీణ్య పరీక్షకు మన పిల్లలను సిద్ధపరచుట ఎట్లు?

ప్రతి సంవత్సరము బడి చేర్పుల దినములలో తల్లిదండ్రులు మమ్ములను అడుగు ప్రశ్న ఒకటి కలదు. “అయ్యవారూ, మా బిడ్డను తెలుగు బడిలోనే చేర్చెదము. కాని రేపు వాడు పెద్దచదువునకు పరదేశము పోవలసి వచ్చినచో, ఆ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కగలడా?” క్యాసంబళ్ళి చుట్టుపట్ల ఈ ప్రశ్నను ఇప్పుడు పట్టుగూళ్ళు పండించువారును, టమోటా తోటలవారును, పాలసంఘమునకు పాలు పోయువారును అడుగుచున్నారు. 2001 లో కోలారు బంగారు గనులు మూతపడిన పిదప, బిడ్డల చదువే ఆధారమని నమ్ముకొన్న కుటుంబములు మన ప్రాంతమున అనేకము. కావున ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ముందుగా ఆ పరీక్ష ఏమో, అది దేనిని కొలుచునో తెలిసికొందము.

ఆంగ్లము మాతృభాష కాని విద్యార్థి ఇంగ్లండు, ఆస్ట్రేలియా, అమెరికా వంటి దేశముల విశ్వవిద్యాలయములలో ప్రవేశము కోరినప్పుడు, అక్కడి పాఠములను విని, చదివి, అర్థము చేసికొని, తన భావమును చెప్పగలడా యని చూచుటకై ఈ పరీక్షలు ఏర్పడినవి. టోఫెల్ అను పరీక్ష 1964 నుండి జరుగుచున్నది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనునది ఆ పేరుతో 1989 లో మొదలైనది. ఇటీవల మరికొన్ని వచ్చినవి. ఏ విశ్వవిద్యాలయము దేనిని అంగీకరించునో దాని ప్రకటనలోనే చూచుకొనవలెను. ఇక్కడ ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ను ఉదాహరణముగా గైకొందము.

ఇందు నాలుగు భాగములు. వినుట సుమారు 30 నిమిషములు, 40 ప్రశ్నలు; ప్రసంగమును ఒక్కసారి మాత్రమే వినిపింతురు. చదువుట 60 నిమిషములు. మూడు దీర్ఘపాఠములు, 40 ప్రశ్నలు. వ్రాయుట 60 నిమిషములు. మొదట ఒక పటమునో పట్టికనో చూచి 150 మాటలకు తక్కువ కాకుండ వివరింపవలెను, పిదప ఒక విషయముపై 250 మాటలకు తక్కువ కాని వ్యాసము వ్రాయవలెను. మాటలాడుట 11 నుండి 14 నిమిషములు. పరీక్షకుడు ఒక విషయము నిచ్చి, ఒక్క నిమిషము ఆలోచించుకొననిచ్చి, రెండు నిమిషముల వరకు మాటలాడుమనును. ప్రతి భాగమునకును 9 వరకు అంకెలు వేసి, నాలుగింటి సగటును తీయుదురు. ఇందు ఉత్తీర్ణుడు, అనుత్తీర్ణుడు అను మాట లేదు. ఎంత రావలెనో నిర్ణయించునది విశ్వవిద్యాలయము.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలసి యున్నది. మా వద్ద చదివిన యొక బాలుడు పట్టభద్రుడై 2018 లో ఈ పరీక్షకు కూర్చుండెను. తండ్రి రెండు పాడియావులలో ఒకదానిని అమ్మి రుసుము కట్టెను. అబ్బాయికి వినుటలో 6.5, చదువుటలో 6.5, మాటలాడుటలో 6, వ్రాయుటలో 5 వచ్చినవి. సగటు 6. అతడు కోరిన విశ్వవిద్యాలయము అడిగినదియు ఆరే. అయినను ప్రవేశము దొరకలేదు. ఏ యొక్క భాగములోను 5.5 కు తగ్గరాదను నిబంధనను ఇంటిల్లిపాదిలో ఎవ్వరును చూడలేదు. మేమును చూడలేదు.

ఆ తండ్రి మమ్ములను నిందింపలేదు. “తెలుగు బడి కాబట్టి ఇట్లయినదా, అయ్యవారూ?” అని మాత్రము అడిగెను. ఆ మాట మమ్ములను చాలకాలము బాధించినది. తరువాత ఆ అబ్బాయి పాత పుస్తకములను తెప్పించి చూచితిమి. ఆంగ్ల వ్యాసములన్నియు మేము నల్లబల్లపై వ్రాసినవే. అతడు వానిని అక్షరము పొల్లుపోకుండ కంఠస్థము చేసినాడు. తన మాటలలో తానుగా వ్రాసిన పేజీ ఒక్కటియు లేదు. పరీక్షకు ముందు చేరిన శిక్షణాలయములోను కంఠస్థము చేయుటకే మరికొన్ని వ్యాసము లిచ్చిరి. పరీక్షలో విషయము వేరుగా వచ్చినది. అతడు వల్లించిన దానిని అక్కడ అతికించినాడు. వల్లించి వ్రాసిన దానిని పరీక్షకులు గుర్తింతురు, దానికి మంచి అంకెలు వేయరు. దోషము తెలుగుది కాదు. వల్లెవేతది, అనగా మాది.

మన పిల్లలకు నిజముగా అడ్డు వచ్చునవి కొన్ని కలవు. తెలుగు అజంతభాష. బుక్కు, బస్సు, పెన్ను అని మాట చివర అచ్చు చేర్చనిదే మన నాలుక ఊరకుండదు. మన వకారము ఒక్కటే. ఆంగ్లములో అటువంటి ధ్వనులు రెండు. ద్రాక్షతీగెకును ద్రాక్షసారాయికిని ఆంగ్లమున వేరువేరు మాటలున్నను మన చెవికి రెండును ‘వైన్’ అనియే వినబడును. ‘ఎ’, ‘ది’ అని నామవాచకములకు ముందు వచ్చు చిన్నమాటలకు మన భాషలో సాటి లేదు. కావున పిల్లలు వానిని మరచెదరు. మన క్రియ వాక్యము చివర నిలుచును; ఆంగ్లమున కర్తను అంటియుండును. తెలుగు వాక్యమును మనసులో కట్టి మాటకు మాట మార్చబోయిన బాలుడు నడుమ తప్పక చిక్కుపడును. ఇవి తెలిసికొని సరిదిద్దుకొనదగినవే. పలుకులో తెలుగుయాస ఉన్నంతమాత్రమున అంకెలు పోవు. వినువానికి శ్రమ లేక అర్థమైన చాలును.

అడ్డు లెన్ని యున్నను, మన పిల్లలకొక బలము కలదు. ఇంట తెలుగు, సంతలో కన్నడము, గనుల పట్టణమునకు పోయినచో తమిళము మాటలాడు బాలుడు మన వీధులలో సామాన్యుడు. అతనికి తమిళ వ్యాకరణము ఎవ్వరును నేర్పలేదు. విని, మాటలాడి, తప్పు చేసి, సరిదిద్దుకొని నేర్చినాడు. ఆంగ్లమును మాత్రము మనము మాటలాడనీయక, తప్పు చేయనీయక నేర్పబూనితిమి.

మాతృభాష ఆంగ్లమునకు శత్రువు కాదనుటకు మన పొరుగుననే నిదర్శనము కలదు. చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో 1880 లో జన్మించిన రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలోనే ‘ముసలమ్మ మరణము’ అను తెలుగు కావ్యము వ్రాసిరి. పిదప కేంబ్రిడ్జికి పోయి చదివి, అక్కడి విద్యార్థుల వాదసభయైన యూనియనుకు ఉపాధ్యక్షులైరి. అటుపై మైసూరు సంస్థానమున విద్యాశాఖాధికారిగను, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను పనిచేసిరి. తెలుగులో తర్కించుట నేర్చిన బుద్ధియే ఆంగ్లములోను తర్కించినది. అందరును రెడ్డిగారు కాలేరు. కాని త్రోవ అదియే.

ఇక చేయవలసిన పని. ఐదవ తరగతి నుండి పదవ తరగతి వరకు పిల్లవాడు ప్రతిదినము ఆంగ్లపుస్తకములో ఒక పేజీ గట్టిగా చదువవలెను. ఆ దినము తాను చూచినదానిని మూడు వాక్యములలో తానుగా వ్రాయవలెను. తప్పులున్న ఉండనిండు. పది నిమిషములు ఆంగ్ల వార్తలు వినవలెను. కళాశాలకు పోయిన పిదప దినపత్రికలోని ఒక వ్యాసమును చదివి, దాని సారమును సొంతమాటలలో వ్రాయవలెను. కోలారు మార్కెట్టులో టమోటా ధర వారము దినములలో ఎట్లు ఎక్కి దిగినదో పటము గీచి, దానిని 150 మాటలలో ఆంగ్లమున వివరింపుమనుడు. పరీక్షలో మొదటి వ్రాతపని సరిగా ఇట్టిదే. కంప్యూటరుపై వ్రాయు పద్ధతి యున్నది గనుక వ్రేళ్ళకును అలవాటు కావలెను.

“మాకు ఇంగ్లీషు రాదే, మేమేమి చేయగలము?” అని మీరు అనవచ్చును. మీరు చేయగల పనియే పెద్దది. బిడ్డ ఆంగ్లమున చదివిన దానిని రాత్రి భోజనమువేళ తెలుగులో చెప్పుమనుడు. స్పష్టముగా చెప్పగలిగిన అర్థమైనదన్నమాట. “నీ యభిప్రాయ మేమి? ఎందుచేత?” అని అడుగుడు. 250 మాటల వ్యాసములో పరీక్షకుడు అడుగునదియు అదియే.

కొన్ని జాగ్రత్తలు. పరీక్ష రుసుము ఈ మధ్యకాలమున పదిహేడు, పదునెనిమిది వేల రూపాయల వరకు నున్నది. కావున నమూనాపత్రములు వ్రాసి, ప్రతి భాగములోను కావలసినంత వచ్చుచున్నదని తేలిన పిదపనే రుసుము కట్టుడు. ఫలితము సాధారణముగా రెండేండ్ల వరకే చెల్లును. తొందరపడి ముందే వ్రాసిన వ్యర్థము. పాస్‌పోర్టులోని పేరును దరఖాస్తులోని పేరును ఒక్కటిగా నుండవలెను. ఒక్క భాగమును మాత్రము తిరిగి వ్రాయు సదుపాయము ఇటీవల ఏర్పడినది. దానిని అన్ని విశ్వవిద్యాలయములు అంగీకరింపవు గనుక ముందుగా విచారింపుడు. నెలదినములలో ఏడు అంకెలు తెప్పింతుమని పలుకువారిని నమ్మకుడు.

పైని చెప్పిన అబ్బాయి ఒక సంవత్సరము సాయంకాలములు మా యెదుట కూర్చుండి, దినమున కొక పేజీ తానుగా వ్రాసెను. మేము ఆంగ్ల పండితులము కాము; నిఘంటువు చేతబట్టి మేమును అతనితోడ నేర్చుకొంటిమి. రెండవసారి వ్రాయుటలో సరిగా 5.5 వచ్చినది. సంవత్సరము ఆలస్యముగా నైనను చదువునకు పోయినాడు. నాటినుండి మా బడిలో నల్లబల్లపై వ్యాసము వ్రాసి యిచ్చుట మానితిమి. ప్రతి శుక్రవారము పిల్లలే వ్రాయుదురు, మేము దిద్దుదుము. ఆ పుస్తకములు మీ ఇండ్లకు వచ్చుచున్నవి. ఎఱ్ఱసిరా గీతలను చూచి బిడ్డను గద్దింపకుడు. తప్పులతో నిండినను అది వాని సొంత ఆంగ్లము. పేజీ చివర మీ సంతకము చేసి పంపుడు. మాకు అంత సహాయము చాలును.