తలుపు వేసుకునే గది

మా వెంగళరావు నగర్ నుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఆటో కూడా అక్కర్లేదు, నడిచి వెళ్లిపోవచ్చు. కానీ హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అంటే అడ్రస్ కాదు, తిట్టు. "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి రా" అని స్కూల్లో మేమూ అనుకున్నవాళ్లమే. అందుకే టెన్త్‌లో నా కళ్ల ముందే నాన్నకి యాక్సిడెంట్ అయ్యాక, నాకు నిద్ర పట్టకపోయినా, హారన్ వింటే వణుకు వచ్చినా, అంత దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి మేం వెళ్లలేదు. చివరికి ఒక కౌన్సిలర్‌తో వీడియో కాల్ కుదిరింది.

మొదటి రెండు కాల్స్‌లో నేను చెప్పింది ఒకటే మాట: "బాగానే ఉన్నాను మేడమ్." మాది రెండు గదుల ఇల్లు. పక్కన వంటింట్లో అమ్మ. నేను ఏడిస్తే తనూ ఏడుస్తుంది. మూడో కాల్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మేడ మీద వాటర్ ట్యాంక్ వెనక్కి వెళ్లాను. నిజంగా మాట్లాడింది ఆ రోజే.

ట్రామా అంటే ఉత్త బాధ కాదు. ప్రమాదం అయిపోయినా, అయిపోయిందని శరీరం నమ్మదు. చిన్న శబ్దానికే మళ్లీ అలారం మోగిస్తుంది. పిల్లలకీ టీనేజర్లకీ దీనికి బాగా పరీక్షించిన పద్ధతి ఒకటుంది, ట్రామా-ఫోకస్డ్ సీబీటీ. అమెరికాలో జుడిత్ కోహెన్, ఆంథొనీ మానరినో, ఎస్తర్ డెబ్లింజర్ తయారు చేశారు. మామూలుగా 12 నుంచి 16 సెషన్లు. "ఏం జరిగిందో చెప్పు" అని మొదటి రోజే అడగరు. ముందు ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, కలిగే భావానికి పేరు పెట్టడం, "తప్పు నాదే" లాంటి ఆలోచనను పరీక్షించడం నేర్పుతారు. ఆ తర్వాతే జరిగినదాన్ని కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. అమ్మానాన్నలతో విడిగా మాట్లాడతారు.

మరి ఇదంతా వీడియోలో అవుతుందా? సౌత్ కరోలినా మెడికల్ యూనివర్సిటీ వాళ్లు వైద్యం సరిగా అందని ప్రాంతాల్లోని 70 మంది పిల్లలకి ఇదే చికిత్స వీడియోలో ఇచ్చి, 2020లో ఫలితాలు ప్రచురించారు. 62 మంది చివరిదాకా పూర్తి చేశారు. వాళ్లలో 60 మందికి లక్షణాలు ట్రామా సంబంధిత జబ్బు అనే స్థాయి కంటే తగ్గిపోయాయి. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు కాబట్టి ఇదే ఆఖరి మాట అనలేం. కానీ నాకు నచ్చిన విషయం వేరే. చాలా కాల్స్ పిల్లల స్కూల్ నుంచే జరిగాయి. అంటే ముందు ఒక గది దొరికింది, తర్వాతే స్క్రీన్ వచ్చింది.

ఇప్పుడు ఫిలింనగర్ బస్తీలో ఒక ఇల్లు ఊహించుకోండి. ఒకే గది, ఐదుగురు మనుషులు, అందరికీ కలిపి ఒక ఫోన్. నెట్ ఉంటుంది, ప్యాక్ వేయించుకుంటారు. లేనిది తలుపు. పైగా 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ మైనర్‌తో ఆన్‌లైన్‌లో మాట్లాడాలంటే పక్కన పెద్దవాళ్లొకరు ఉండాలి. రక్షణ కోసమే అది. కానీ దెబ్బ ఇంట్లోవాళ్ల వల్లే తగిలి ఉంటే?

అందుకే తెలిసిన థెరపిస్టులు కాల్ మొదట్లోనే అడుగుతారు: ఇప్పుడు ఎక్కడున్నావు, గదిలో ఎవరున్నారు, కాల్ కట్ అయితే ఏ నంబర్‌కి చెయ్యాలి, అవసరమైతే దగ్గర్లో ఎవరిని పిలవాలి. ఎవరైనా లోపలికొస్తే చెప్పడానికి ఒక కోడ్ మాట ముందే అనుకుంటారు. పైకి అనలేనిది చాట్‌లో టైప్ చేయమంటారు.

మన దేశంలో 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ ఉంది. 14416కి రోజులో ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది పూర్తి ట్రామా థెరపీ కాదు, మొదటి మెట్టు. కానీ ఆ ఫోన్ ఎక్కడ కూర్చుని చేయాలి?

మనం సీఎస్ఈ వాళ్లం, సమస్య కనిపిస్తే యాప్ కట్టేద్దాం అంటాం. నేనూ మినీ ప్రాజెక్ట్‌కి అదే రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను. వీడియో కాల్ యాప్‌లు ఇప్పటికే బోలెడున్నాయి. సాయంత్రం బడి వదిలాక ఖాళీగా ఉండే క్లాస్‌రూమ్, ఆదివారం మూసి ఉండే లైబ్రరీ గది, ఒక కుర్చీ, ఒక హెడ్‌సెట్, బయట కాపలాగా నమ్మకమైన టీచర్ ఒకరు. ఇవి ఎక్కడెక్కడ, ఏ టైంలో దొరుకుతాయో చూపించే లిస్టే ఇప్పుడు నా ప్రాజెక్ట్. కోడ్ చాలా చిన్నది. తిరిగి అడగడమే పెద్ద పని.

నాకైతే వాటర్ ట్యాంక్ దొరికింది. అందరికీ మేడ ఉండదు కదా.