ముందు పరీక్ష, పిమ్మట నిర్మాణము

జనవరి 31వ తేదీన చేయవలసిన పని నొకదానిని 'ప్రతి నెల' యని కంప్యూటరులోని కార్యప్రణాళికా సాఫ్టువేరునకు అప్పగించితి మనుకొందము. ఫిబ్రవరిలో ఆ పని యే దినమున రావలెను? 28వ తేదీననా, మార్చి 3వ తేదీననా, లేక ఆ నెల విడిచిపోవలెనా? ప్రశ్న చిన్నదే. కాని బ్యాంకి ఋణపు వాయిదా ఆ గడిలో నున్నయెడల, సమాధానము తప్పినందున గలుగు నష్టము చిన్నది గాదు. ఇట్టి ప్రశ్నకు ఉత్తరమును ప్రోగ్రాము వ్రాసిన పిమ్మట గాక, వ్రాయుటకు పూర్వమే నిశ్చయించుకొనవలెనని చెప్పునది టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అను పద్ధతి.

అమెరికా దేశీయుడగు కెంట్ బెక్ 2002లో దీనినిగూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. పద్ధతి నేర్చుకొనుట కష్టము గాదు, పాటించుటయే కష్టము. కావలసిన ఫలమును తెలుపు చిన్న పరీక్షను ముందుగా వ్రాయవలెను. ప్రోగ్రామింకను లేదు గనుక అది తప్పును, ఎఱ్ఱగుర్తు కనబడును. ఆ పరీక్ష నెగ్గుటకు చాలినంత మాత్రమే వ్రాసి పచ్చగుర్తు తెప్పించవలెను. అటుపిమ్మట, పచ్చగుర్తు చెడకుండ, వ్రాతను శుభ్రపఱుపవలెను. ఈ పద్ధతిని తాను కనిపెట్టలేదనియు, పునరుద్ధరించితిననియు బెక్కే చెప్పుకొనెను. ఆ గ్రంథములో ఆయన చేయవలసిన పనుల పట్టిక నొకదానిని ప్రక్కన నుంచుకొని, ముగిసినవానిని కొట్టివేయుచు సాగుట చూడదగినది. పనుల పట్టికలను నిర్మించు సాఫ్టువేరువారికి ఇంతకంటె తగిన గురువెవ్వరు?

అయితే పరీక్షలన్నియు నెగ్గిన సాఫ్టువేరు మంచి సాఫ్టువేరని తలంచుట పొరబాటు. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు ప్రారంభించిన ఆర్గ్ మోడ్ అను సాధనమున పునరావృత్తికి మూడు గుర్తులు గలవు. ఒకటి గడువును సరిగా ఒక్క నెల జరుపును. రెండవది, ఎన్ని నెలలు గడచినను, రాబోవు గడువువఱకు జరుపును. మూడవది పని ముగించిన దినమునుండి లెక్కించును. మూడును వేర్వేరు అవసరములకు న్యాయమైనవే. మూడింటికిని పరీక్షలు వ్రాయవచ్చును. కాని యొక కూడిక గుర్తు, రెండు కూడిక గుర్తులు, చుక్క పెట్టిన కూడిక గుర్తు: క్రొత్తగా వచ్చినవానికి వీని భేదము చూచినంతనే తెలియునా? నిర్మాత తలచినట్లు యంత్రము నడచుచున్నదని పరీక్ష చెప్పును. మనుష్యుడు తలచినట్లు నడచుచున్నదా యన్నచో, మనుష్యుని చూడవలసినదే.

గూల్డ్, లూయిస్ అనువారలు 1985లోనే ఈ మాట చెప్పిరి: వాడువారిని మొదటినుండి ఎఱుగుడు, వారి ప్రవర్తనను కొలువుడు, దిద్దుచు మరల మరల చేయుడు. నీల్సన్, లాండవర్‌ల 1993 నాటి లెక్కను బట్టి, అయిదుగురిని చూచినను లోపములలో సుమారు 85 వంతులు బయటపడును. అంతకే శ్రమపడనివా రెందఱో! గుమాస్తా వాడవలసిన ప్రోగ్రామునుగూర్చి గుమాస్తాను తప్ప తక్కినవారి నందఱిని సంప్రదించు కార్యాలయములు మనకు క్రొత్తవి గావు. ప్రక్కన గూర్చుండి, నోరు మెదపక, అతడెక్కడ తడబడునో వ్రాసికొనుట చాలును. ఆ మూడు గుర్తుల స్థానమున 'ముగించిన నాటినుండి నెలకు' అను వాక్యము వచ్చినచో, పొరబాటున కొట్టివేసిన పని ఒక్క తాకుడుతో తిరిగి వచ్చినచో, సగము బాధ తీరును. అట్లు తెలిసిన ప్రతి విషయమును మరల ఒక పరీక్షగా వ్రాసియుంచినచో, రేపు వచ్చు నిర్మాత దానిని తెలియక చెఱుపజాలడు.

2014లో హాన్సన్ అను ప్రసిద్ధ ప్రోగ్రామరు ఈ పద్ధతి చచ్చినదని వ్రాసెను. పరీక్షకొఱకే ప్రోగ్రామును వంకరలు త్రిప్పువారిని చూచినచో ఆయన కోపము అకారణమనలేము. అయినను తేదీల లెక్కలో పరీక్షను ముందుగా వ్రాయుట వంటి రక్ష మఱియొకటి లేదు.

మనవారు శ్రద్ధ వహింపవలసిన చోటు ఒకటి గలదు. 2023లో శ్రావణము అధికమాసముగా వచ్చెను. వరలక్ష్మీవ్రతమును నిజ శ్రావణమున ఆగస్టు 25న జరుపుకొంటిమి. ఏటేట శ్రావణమున గుర్తుచేయుమని చెప్పిన సాఫ్టువేరు అధికమాసమునే గుర్తుచేసినచో, తప్పు యంత్రముది గాదు. ఆ పరీక్షను వ్రాయువా రా నిర్మాతలలో లేకపోయిరి. ఇంగ్లీషు కాలెండరు మాత్రమే యెఱిగినవా డది వ్రాయలేడు. తెలుగు ప్రోగ్రామరు పది పంక్తులలో వ్రాయగలడు. 2026లో అధికమాసము జ్యేష్ఠమునకు.