వయసు దాటిన మొటిమలు



మొటిమలు పడుచువారి సొత్తని మన యిండ్లలో వాడుక. పదునాఱేండ్ల పిల్ల చెక్కిలిపై మొటిమ లేచినచో "వయసు మొటిమ, అదే పోతుంది" అని పెద్దలు నవ్వుదురు. పోకున్నచో పెండ్లి యైన పిదప పోవునందురు. అప్పటికిని పోకున్నచో బిడ్డ పుట్టిన పిదప తప్పక పోవునందురు. నాకు పెండ్లి యైనది, ఇద్దఱు బిడ్డలు పుట్టిరి, ముప్పదియాఱేండ్లు నిండినవి. పెద్దలు పెట్టిన గడువులన్నియు గడచినవి గాని మొటిమలు పోలేదు.

ఈ వ్యాధి మన దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో దీనికి ముఖదూషిక యని పేరు. బూరుగుముండ్లవలె ముఖమున లేచు కురుపులని వర్ణన. అయితే ఆ గ్రంథమును దీనిని పడుచువారి వ్యాధిగనే చెప్పినది. అందువలన కాబోలు, నలుబదియేండ్లకు చేరువైన స్త్రీ ముఖమున నవి కనబడినచో జనులు వ్యాధిని విడిచి ఆమెను నిందింతురు. ముఖము శుభ్రముగా కడుగుకొనదని యొకరు, నూనె వంటలు తినునని యొకరు, మనసులో దిగులున్నదని యొకరు అందురు.

నిజమేమన, చర్మములో వెండ్రుకల కుదుళ్లను ఆనుకొని చమురు ఊఱించు చిన్న గ్రంథులుండును. ఆండ్రోజెనులను హార్మోనులు ఆ గ్రంథులను ప్రేరేపించును. ఇవి పురుషులకే గాదు, స్త్రీల దేహమునను కొలదిగా నుండును. చమురు హెచ్చి, మృతచర్మపు పొరలతో గలసి కుదురు నోరు మూసినప్పుడు, లోపలి సూక్ష్మజీవులు పెరిగి వాపును, ఎఱుపును గలుగును. ఇదంతయు చర్మము లోపల జరుగు పని. పైమురికి దీనికి కారణము కాదు. కావున సున్నిపిండితో గట్టిగా రుద్దుటవలన మేలు లేకపోగా, వాచిన చర్మము మఱింత రేగును.

పెద్ద వయస్సు స్త్రీలకు గడ్డము మీదను, దవడల వెంబడిని లోతుగా, నొప్పితో లేచుటయు, బహిష్టుకు ముందు దినములలో హెచ్చుటయు తఱచు. దీనితోపాటు బహిష్టులు క్రమము తప్పుట, గడ్డమున వెండ్రుకలు మొలచుట మొదలగునవి యున్నచో అండాశయముల విషయము వైద్యునితో చెప్పవలెను. 1935 లో షికాగో వైద్యులైన స్టైన్, లెవెంథాల్ అనువారు ఇట్టి లక్షణములను ఒకచోట జేర్చి ప్రకటించిరి. నేడు దానినే పి.సి.ఓ.ఎస్. అందురు.

ఇక నేను చేసిన పొరపాటు చెప్పెదను. ఒక బంధువురాలు "ఇది రాయవే, పది రోజుల్లో అద్దంలా అవుతుంది" అని యొక గొట్టపుమందు చేతికిచ్చినది. నిజముగానే పది దినములలో ముఖము తేటబడినది. సంతోషించి మూడు నెలలు రాసితిని. మానినంతనే ముఖమంతయు ఎఱ్ఱబడి మండి, మునుపటికంటె రెట్టింపు కురుపులు లేచినవి. ఆ గొట్టములో స్టిరాయిడు ఉన్నదని చర్మవైద్యురాలు చెప్పువఱకు నేనెఱుగను. తెల్లబడుటకని, మొటిమలకని చేతులు మాఱు లేపనములలో నిట్టివి కలవు. వైద్యుని చీటి లేనిదే వీనిని ముఖమునకు తాకనీయరాదు.

సరియైన మందులు లేకపోలేదు. బెంజాయిల్ పెరాక్సైడు సూక్ష్మజీవులను తగ్గించును. అడాపలీను మూసికొనిన కుదుళ్లను తెఱచును. మొదటిది దిండు గలీబుల రంగును తినివేయును గనుక తెల్ల గలీబు వాడుట మేలు. రెండవదానిని రాత్రివేళ పలుచగా పూయవలెను. గర్భవతులు, గర్భము కోరువారు దీనిని వాడరాదు. ఎనిమిది మొదలు పండ్రెండు వారములు గడువనిదే ఏ మందు గుణమును తెలియదు. మనలో ననేకులు మూడవ వారముననే విసిగి విడుతుము. యాంటీబయాటిక్ మాత్రలు కొన్ని నెలలకు మించి వాడదగినవి కావు. 1982 లో అమెరికాలో అనుమతి పొందిన ఐసోట్రెటినాయిను మొండి మొటిమలకు మిక్కిలి బలమైన మందు. కాని గర్భములోని శిశువునకు ఘోరమైన హాని చేయును. కావున దానిని వాడునపుడును, మానిన పిదప ఒక నెల వఱకును గర్భము రాకుండ చూచుకొనవలెను.

ఇన్ని యుండియు అందఱకు చాలవు. దీనికొక నిదర్శనము చూడుడు. 2023 లో బ్రిటనులో 410 మంది స్త్రీలపై స్పైరొనొలాక్టోను అను మాత్రను పరీక్షించిన ఫలితములు ప్రకటితమైనవి. 24 వారములకు ఆ మాత్ర తినినవారిలో నూటికి 82 మంది తమకు మేలైనదనిరి. మందులేని ఉత్తుత్తి మాత్ర తినినవారిలో 63 మంది అట్లనిరి. మాత్ర పనిచేసినదనుట స్పష్టమే. అయినను దానిని తినియు మేలు గనలేనివారు నూటికి పదునెనిమిది మంది యుండిరి. వారు ముఖము కడుగుకొనక కాదు, పథ్యము తప్పి కాదు. నేనును అట్టిదాననే.

మందు చాలనప్పుడు చేయదగిన దేమి? మొదట వైద్యుని యొద్దకు మరల పోయి, ఇది మొటిమయేనా, మందు సరిగ వాడితినా, వేఱు మార్గమున్నదా యని అడుగవలెను. పిమ్మట లక్ష్యమును మార్చుకొనవలెను. "ఒక్కటియు ఉండరాదు" అను పంతము విడిచి, నొప్పి తగ్గెనా, క్రొత్త గుంటలు పడకున్నవా యని చూడవలెను. మన చామనచాయ చర్మముపై మొటిమ తగ్గినను మచ్చ నెలల తరబడి నిలుచును. ఎండకు మఱింత నలుపెక్కును. గిల్లకుండుట, ఎండలో ముఖమునకు కాపు కల్పించుట, తలనూనె నుదుటికి జాఱనీయకుండుట మన చేతిలోని పనులు. దిగులుచే నిద్ర పట్టక, నలుగురిలోనికి పోనొల్లనిచో ఆ మాటయు వైద్యునితో చెప్పవలెను. అది సిగ్గుపడదగిన సంగతి కాదు.

ఇంటి పెద్దలకొక మనవి. పేరంటమునకు వచ్చిన స్త్రీని చూచి "ముఖానికేమైనా రాసుకోరాదటే?" అని యడుగకుడు. ఆమె రాయని మందుండదు. ఆ ప్రశ్నకు జడిసియే నేను రెండేండ్లు పేరంటములు మానితిని. మా యక్క కూతురి పెండ్లిలో అందఱును ఫోటోకు నిలుచుండగా నేను వంటశాలలో దాగితిని.

నన్ను మార్చినది ఏ మందును గాదు. ప్రతి యుదయమును బీరువా అద్దము ముందు నిలిచి, గోళ్లతో గడ్డము నొక్కుకొనుట నాకు వాడుక. ఒకనాడు పండ్రెండేండ్ల నా కూతురు అదే అద్దము ముందు నిలిచి, రెండు బొటనవ్రేళ్లతో తన గడ్డమును నొక్కుకొనుచుండెను. దానిపై నొక్క మొటిమయైనను లేదు. "ఏమి చేయుచున్నావే?" అంటిని. "నీవు చేయునదే" అన్నది.

నాటినుండి అద్దము నొద్ద నిలుచుట తగ్గించితిని. రాత్రి మందు రాయుట మానలేదు. అది పండ్లు తోముకొనుట వంటి పనిగ జరిగిపోవుచున్నది. గిల్లుట పూర్తిగ మానితినని చెప్పలేను, కాని పిల్ల యెదుట మానితిని. మొన్నటి శ్రావణమాసపు పేరంటమునకు గడ్డముపై రెండు మొటిమలతోనే వెళ్లితిని. ఒకావిడ అడుగనే అడిగినది. "వైద్యము జరుగుచున్నదండీ, ఇది నిదానముగ తగ్గు జబ్బు" అంటిని. ఆమె తల యూచి, నా చేతికి తాంబూలమిచ్చినది. ఫోటో తీయునపుడు నా కూతురు నా ప్రక్కనే నిలిచినది.